తిరగబడి లేచే పడవ

తిరగబడదని హామీ ఇచ్చి పడవ అమ్మేవాణ్ణి నేను నమ్మను. ఓడల ఇంజన్ రూముల్లో పనిచేసి రిటైరైనవాణ్ణి. సముద్రానికి ఎవరి హామీతోనూ పని లేదని ఆ వేడిలో, ఆ చప్పుడులో నిలబడి నేర్చుకున్నాను. అందుకే లైఫ్‌బోట్లు కట్టినవాళ్లంటే నాకు గౌరవం. కాగితం మీద మొదటి గీత గీసేముందే వాళ్లు ఒక సంగతి ఒప్పేసుకుంటారు: ఈ పడవ ఏదో ఒక రాత్రి బోర్లాపడి తీరుతుంది. పడ్డాక ఏమిటన్నదే వాళ్ల లెక్క. ఓటమిని ముందే లెక్కలో వేసుకున్న యంత్రాలు లోకంలో ఎన్నో లేవు.

ప్రమాదమంతా నడిసంద్రంలోనే ఉంటుందని ఒడ్డున ఉండేవాళ్లు అనుకుంటారు. మా కాకినాడ వైపు బోటు డ్రైవర్లు అలా అనరు. "నడిమిన ఎంత గాలైనా పరవాలేదు బాబూ, మొగకాడే పేనం గుప్పిట్లో ఎట్టుకోవాల" అన్నాడొక పెద్దాయన. మొగ అంటే నది సముద్రంలో కలిసేచోటు. ఆ మాట కాకినాడకే కాదు, ఇంగ్లండుకీ అమెరికాకీ కూడా చెల్లుతుంది. లోతు నీళ్లలో అల లేస్తుంది, దిగుతుంది, అంతే. మెరకకి వచ్చేసరికి దాని అడుగు నేలకి రాసుకుని వేగం తగ్గుతుంది. పైభాగం మాత్రం ఆగదు. నిటారుగా లేచి ముందుకి విరుచుకుపడుతుంది. అదే సమయంలో పోటు తీసి నది నీరు ఎదురు తోస్తుంటే అల ఇంకా నిక్కుతుంది. దీనికి తోడు ఇసుక ఒకచోట ఉండదు. పోయిన నెల దారి ఉన్నచోట ఈ నెల మెట్ట ఉంటుంది. ఓడలు వచ్చి కూరుకునేది సరిగ్గా ఆ మెట్టల మీదే. అక్కడికి పెద్ద ఓడ వెళ్లలేదు. వెళ్లగలిగింది చిన్న పడవే, ఆ చిన్న పడవకి అంతకంటే చెడ్డ చోటు మరొకటి లేదు. లైఫ్‌బోటు చరిత్రంతా ఈ ఇరకాటం చుట్టూనే తిరిగింది.

ఇంగ్లండులో టైన్ నది సముద్రంలో కలిసేచోట సౌత్ షీల్డ్స్ అనే రేవు ఉంది. 1789 మార్చిలో అడ్వెంచర్ అనే ఓడ ఆ నది మొగలో ఇసుక మెట్ట ఎక్కింది. ఒడ్డుకి కూతవేటు దూరం. జనం గుంపులుగా చూస్తుండగానే నావికులు తెరచాప తాళ్లకి వేలాడి, చేతులు తిమ్మిరెక్కి, ఒక్కొక్కరే రాలిపోయారు. వెళ్లే ధైర్యం లేక కాదు, వెళ్లదగిన పడవ లేక ఊరు ఊరంతా నిలబడిపోయింది. అప్పుడు ఊరి పెద్దలు కొందరు మంచి నమూనా తెచ్చినవాళ్లకి రెండు గినీలు బహుమానం ప్రకటించారు. పోటీకొచ్చినవాళ్లలో విలియం వుడ్‌హేవ్ అనే ఆయన ఉన్నాడు. చర్చిలో గుమాస్తా, పేదవాడు, నోటి దురుసు మనిషి. బావి దగ్గర ఒకావిడ కడవలో తేలుతున్న విరిగిన చెక్క చిప్పను ఆయన ఊరికే తిప్పి చూశాడనీ, ఎన్నిసార్లు బోర్లించినా అది వెల్లకిలా లేచిందనీ, ఆయన పడవ అక్కణ్ణుంచే పుట్టిందనీ ఆ ఊళ్లో చెప్పుకుంటారు. రెండు కొసలూ ఎత్తుగా, లోపల బెండు నింపి, తిరగబడితే తనంతట తనే లేచే నమూనా చేశాడు.

పెద్దలకి ఆలోచన నచ్చింది, మనిషి నచ్చలేదు. బహుమానంలో సగం, ఒక్క గినీ ఇస్తామన్నారు. ఆయన కోపంతో అది వద్దన్నాడు. చివరికి పడవ కట్టే పని హెన్రీ గ్రేట్‌హెడ్‌కి దక్కింది. 1790 జనవరి 30న నీళ్లలోకి దించిన ఆ పడవ పేరు ఒరిజినల్. రెండు కొసలూ ఒకేలా ఉండేది, కాబట్టి కెరటాల మధ్య వెనక్కి తిప్పక్కర్లేదు, తెడ్లవాళ్లు అటు తిరిగి కూర్చుంటే చాలు. బెండు నింపడం వల్ల నీళ్లు నిండినా మునిగేది కాదు. కానీ తిరగబడితే లేవదు. వుడ్‌హేవ్ ఆలోచనలో అసలు ముక్క అలా వదిలేశారు. 1802లో పార్లమెంటు గ్రేట్‌హెడ్‌కి 1200 పౌన్లు ఇచ్చింది. లైఫ్‌బోటు కనిపెట్టింది ఈయనే అని వుడ్‌హేవ్ సమాధి రాయి మాత్రం చెబుతూనే ఉంది. నా ఓటు రాయికే.

ఇదే చిక్కుకి మన కోరమండల్ తీరం వేరే జవాబు చెప్పింది. మద్రాసుకి రేవు కట్టకముందు ఓడలు దూరాన లంగరేసుకుని నిలబడేవి. మనుషుల్నీ సరుకునీ ఒడ్డుకి చేర్చేవి మసూలా పడవలు. మేకులు లేకుండా పలకల్ని కొబ్బరి తాడుతో కుట్టిన పడవ అది. కెరటం ఎత్తి ఇసుకకేసి కొడితే విరగదు, వంగుతుంది. దాని వెంట తెప్పలు వెళ్లేవి, పడవ బోర్లాపడితే అందులోని దొరల్నీ దొరసానుల్నీ ఏరుకోవడానికి. ప్రాణాలు కాపాడిన తెప్పవాళ్లకి అప్పట్లో మెడల్స్ కూడా ఇచ్చారు. తెప్పకి లోపలంటూ లేదు కాబట్టి నీళ్లు నిండే ప్రశ్నే లేదు. తిరగబడితే అటువైపు ఎక్కి కూర్చుంటే సరి. లైఫ్‌బోటు గురించి రాసేవాళ్లు ఈ తెప్పకి ఒక పేజీ అయినా ఇవ్వాలని నా అభిప్రాయం. అయితే చలి దేశాల్లో తడిసిన మనిషి తెప్ప మీద ఎక్కువసేపు బతకడు. వాళ్లకి లోపల ఉన్న పడవే కావాలి.

తనంతట లేచే పడవ 1851లో మళ్లీ తెరమీదికి వచ్చింది. నార్తంబర్లండ్ డ్యూకు 100 గినీల పోటీ పెడితే 280 నమూనాలు వచ్చాయి. గ్రేట్ యార్మత్‌కి చెందిన జేమ్స్ బీచింగ్ గెలిచాడు. కిటుకు తంజావూరు బొమ్మదే: బరువంతా అడుగున వెన్నెముకలా ఉండే ఇనప కీల్‌లో, గాలి పెట్టెలు ఎత్తున రెండు కొసల్లో. బోర్లాపడితే పడవ ఆ రెండు పెట్టెల మీద ఒత్తిగిలి, పైకొచ్చిన కీల్ బరువుకి దొర్లి నిటారవుతుంది. కానీ ఇంజనీరుకి ఉచితంగా ఏదీ దొరకదు. సులభంగా లేవాలంటే పడవ ఇరుకుగా ఉండాలి. ఇరుకుగా ఉంటే సులభంగా తిరగబడుతుంది. వెడల్పుగా కడితే తిరగబడడం కష్టం, కానీ ఒకసారి పడిందంటే తలకిందులుగా కూడా అంతే నిలకడగా కూర్చుంటుంది.

1886 డిసెంబరు 9 రాత్రి ఇంగ్లండు పడమటి తీరంలో మెక్సికో అనే జర్మన్ ఓడ ఇసుకలో చిక్కుకుంది. మూడు ఊళ్ల నుంచి మూడు లైఫ్‌బోట్లు బయల్దేరాయి. లిథమ్ పడవ ఓడలో ఉన్న 12 మందినీ తెచ్చింది. సౌత్‌పోర్ట్, సెయింట్ ఆన్స్ పడవలు రెండూ తిరగబడ్డాయి. 27 మంది లైఫ్‌బోటువాళ్లు పోయారు. లేవాల్సిన పడవలే అవి. లేవలేదు. ఆ తర్వాత వచ్చిన నిపుణుడు జార్జ్ వాట్సన్ లేచే గుణాన్ని పక్కనపెట్టి, తేలిగ్గా తిరగబడని వెడల్పు పడవల వైపు మొగ్గాడు. ఏది మంచిదన్న వాదన బ్రిటన్‌లో తరాలపాటు నడిచింది. ఆ వాదన ఎవరు గెలిచినా ఓడినా నాకు అర్థమైంది ఒక్కటే, రెండు వైపులవాళ్లూ శవాల్ని లెక్కపెట్టుకుంటూ మాట్లాడుతున్నారు.

అమెరికా మొదట్లో పడవకంటే తాడునే ఎక్కువ నమ్మింది. ఒడ్డున చిన్న ఫిరంగి పెట్టి, గుండుకి సన్నతాడు కట్టి, చిక్కుకున్న ఓడ మీదుగా పేల్చేవాళ్లు. ఆ సన్నతాడుతో లావు మోకు లాక్కుని, దానిమీద కప్పీకి వేలాడే తొట్టిలో ఒక్కొక్కర్నీ ఒడ్డుకి లాగేవాళ్లు. 1850లో న్యూజెర్సీ తీరాన ఐర్‌షైర్ అనే ఓడ నుంచి జోసెఫ్ ఫ్రాన్సిస్ చేసిన రేకు తొట్టిలో ఇలా 201 మందిని దింపారు. పోయింది ఒక్కరే. తాడు అందనంత దూరమైతే తెడ్ల పడవే గతి.

తెడ్ల పడవ ఎంత అల్పమైనదో మసాచుసెట్స్ రాష్ట్రంలో కేప్ కాడ్ అనే కొంకి లాంటి నేల మీద, చాథమ్ ఊరి దగ్గర తెలిసింది. 1902 మార్చి 17న మోనమాయ్ స్టేషన్ నుంచి ఎనిమిది మంది వాడీనా అనే బార్జి మీద చిక్కుకున్న ఐదుగురి కోసం వెళ్లారు. ఐదుగుర్నీ ఎక్కించుకున్నారు కూడా. తిరిగి వస్తుంటే ఒక కెరటం లోపలికి తన్నింది. అంతే, ఎక్కినవాళ్లు హడలిపోయి తెడ్లువేసేవాళ్లని కౌగలించుకున్నారు. తెడ్డు ఆడలేదు, పడవ అడ్డం తిరిగింది, బోర్లాపడింది. పదమూడు మందిలో సెత్ ఎల్లిస్ అనే ఒక్కడు బతికాడు. ఎల్మర్ మేయో అనే అతను చిన్న పడవేసుకుని ఒంటరిగా వెళ్లి అతణ్ణి తెచ్చాడు. రక్షించేవాడు మొదట చెయ్యాల్సిన పని, ఎక్కించుకున్నవాణ్ణి కూర్చోబెట్టి కదలకుండా ఉంచడం. ఇది ఏ పరికరంతోనూ తీరే చిక్కు కాదు.

ఇంజన్ వచ్చాక కథ మారింది. 1899లో సుపీరియర్ సరస్సు ఒడ్డున మార్కెట్ అనే ఊళ్లో 34 అడుగుల లైఫ్‌బోటుకి రెండు సిలిండర్ల ఇంజన్ బిగించి చూశారు. 1915లో ఒడ్డున రక్షణ చేసే శాఖా, సుంకం వసూలుకి తిరిగే ఓడల శాఖా కలిసి అమెరికా కోస్ట్ గార్డ్ అయింది. దాని చేతిలో ముదిరిన పడవే 36 అడుగుల మోటార్ లైఫ్‌బోటు. వుడ్‌హేవ్ ఎత్తు కొసలూ, బీచింగ్ బరువు కీలూ ఇందులో ఉన్నాయి. కీల్ కంచుది, అదొక్కటే 2000 పౌన్ల బరువు. డెక్ మీద పడ్డ నీళ్లు వాటంతటవే కంతల్లోంచి జారిపోతాయి. ఇంజన్ 90 గుర్రాల పెట్రోలు ఇంజన్. ఈ తరహా పడవల్లో మేరీలాండ్‌లోని కర్టిస్ బే యార్డులో 1946లో కట్టిన ఒకదాని నంబరు సీజీ 36500.

బోస్టన్‌లో మా అమ్మాయి ఇంటికి వెళ్లినప్పుడు ఆ పడవ చూడాలని పట్టుబట్టాను. ఆర్లీన్స్ ఊళ్లో రాక్ హార్బర్ అనే చిన్న రేవులో ఉంటుంది. అక్కడి చరిత్ర సంఘంవాళ్లు 1981లో పాడుబడ్డ పడవని తెచ్చి బాగుచేసి, మరుసటి ఏడే నీళ్లలోకి దించారు. అల్లుడు ఫొటోలు తీస్తుంటే నేను ఇంజన్ పెట్టె తలుపు కొలత వేశాను. ఒక మనిషి పాక్కుంటూ పోవాలి. అదీ బక్కపలచటి మనిషి.

ఆ తలుపు సంగతి ఎందుకంటే, 1952 ఫిబ్రవరి 18.

ఆ రోజు కేప్ కాడ్ దగ్గర ఈశాన్యపు తుఫాను. తెల్లవారుజామున పెండిల్టన్ అనే 503 అడుగుల ఆయిల్ ట్యాంకర్ నడిమికి విరిగిపోయింది. విచిత్రం ఏమిటంటే అదే రోజు, అదే ప్రాంతంలో, అదే తరహా ట్యాంకర్ ఫోర్ట్ మెర్సర్ కూడా విరిగింది. మా ఓడలవాళ్లకి ఇది అంత విచిత్రం కాదు. అవి యుద్ధకాలంలో హడావుడిగా వెల్డింగ్ చేసి కట్టిన టీ2 ట్యాంకర్లు. ఆ ఉక్కు చలికి పెళుసెక్కేది. రివెట్లు కొట్టిన ఓడలో పగులు ఒక పలకతో ఆగుతుంది, వెల్డింగ్ చేసిన ఓడలో అడ్డులేకుండా చుట్టూ పరుగెడుతుంది. పెండిల్టన్‌ని కట్టింది పోర్ట్‌లాండ్‌లోని స్వాన్ ఐలండ్ యార్డు. 1943 జనవరిలో స్కెనెక్టడీ అనే కొత్త ట్యాంకర్ అల లేని నీటిలో, రేవుకి కట్టి ఉండగానే ఫెళ్లున రెండుగా చీలింది కూడా ఆ యార్డులోనే.

పెండిల్టన్ కెప్టెన్, రేడియో గది, ఇంకా ఏడుగురు ముందు ముక్కలో ఉండిపోయారు. అందుకే ఆపద సందేశం పంపే వీలే లేకపోయింది. ఆ ఎనిమిది మందీ పోయారు. వెనక ముక్కలో 33 మంది. వాళ్లకి దక్కిన పెద్దదిక్కు చీఫ్ ఇంజనీరు రేమండ్ సైబర్ట్. ఇంజన్ రూము వెనకే ఉంది కాబట్టి ఆ సగం ఓడలో దీపాలు వెలుగుతూనే ఉన్నాయి. ఓడ సగం పోయాక కూడా జనరేటర్ ఆపకుండా నడిపించినవాళ్ల గురించి ఎవరూ సినిమా తియ్యరని అనుకునేవాణ్ణి. 2016లో తీశారు.

కోస్ట్ గార్డ్ పెద్ద ఓడలన్నీ ఫోర్ట్ మెర్సర్ వెతుకులాటలో ఉన్నాయి. పెండిల్టన్ కూడా విరిగిందని విమానమూ రాడారూ చెప్పేసరికి చాథమ్ స్టేషన్‌లో మిగిలింది చిన్న పడవ. అధికారి డానియల్ క్లఫ్ బెర్నీ వెబ్బర్‌ని పిలిచి వెళ్లమన్నాడు. వెబ్బర్ ఇరవైల్లో ఉన్న కుర్రాడు. అతనితో ఇంజన్ మనిషి ఆండీ ఫిట్జ్‌జెరాల్డ్, రిచర్డ్ లివ్‌సే, ఇంకా ఎర్విన్ మాస్కీ. మాస్కీ ఆ స్టేషన్‌వాడే కాదు, సముద్రంలో దీపస్తంభంలా నిలిపి ఉంచే లైట్‌షిప్‌కి వెళ్లే పడవ కోసం అక్కడ కాచుకుని ఉన్నవాడు. పొద్దుగూకే వేళ నలుగురూ బయల్దేరారు. 1902 సంగతి తెలియనివాడు చాథమ్‌లో ఎవడూ ఉండడు.

మొగ దాటేటప్పుడు మొదటి పెద్ద కెరటం పడవని గాలిలోకి ఎత్తి పక్కకి విసిరింది. రెండోది వెబ్బర్ ముందున్న అద్దం పగలగొట్టి, కంపాస్‌ని ఊడబెరికి పట్టుకుపోయింది. పడవ పక్కకి ఒరిగింది, కంచు కీల్ తన పని చేసింది, లేచింది. కానీ ఒరిగినప్పుడు ఇంజన్‌కి పెట్రోలు అందక ఆగిపోయింది. అక్కడ ఇంజన్ లేని పడవకి ఆయుష్షు తరువాతి అల వచ్చేదాకానే. ఫిట్జ్‌జెరాల్డ్ నేను చెప్పిన తలుపులోంచి పాక్కుంటూ వెళ్లాడు. చీకటి, పెట్రోలు వాసన, కాలుతున్న ఇనుము, పడవ ఏ వైపు ఒరుగుతుందో తెలియదు. ఒళ్లు కాల్చుకుని, దెబ్బలు తిని, మళ్లీ పెట్రోలు ఎక్కించి స్టార్ట్ చేశాడు. అందరూ చుక్కాని పట్టినవాణ్ణి పొగుడుతారు, పొగడాల్సిందే. నేను మాత్రం ఆ పెట్టెలో పడుకున్నవాడి దగ్గరే ఆగిపోతాను. ఎగసిన సముద్రంలో ప్రొపెల్లర్ నీళ్లు వదిలి గాలిలో గిర్రున తిరిగినప్పుడు ఇంజన్ వేసే అరుపు విన్నవాడికి అర్థమవుతుంది అది ఎలాంటి చోటో.

కంపాస్ లేదు. మంచుతో కూడిన చీకటి. ముందు చప్పుడు వినిపించిందట, ఇనుము ఇనుముకి ఒరుసుకునే మూలుగు. సెర్చిలైటు వేస్తే ఎదురుగా చీలిన ట్యాంకర్ నోరు. చుట్టూ తిరిగి వెనక్కి వెళ్లేసరికి పైన దీపాలు, రెయిలింగు దగ్గర మనుషులు. ఒకడు తాళ్ల నిచ్చెన జారవిడిచాడు.

ఇక్కడ జరిగిన పనికి పేరేమీ లేదు కానీ అదే విద్య. పెద్ద ముక్క ఒక లయలో ఒరుగుతుంది, చిన్న పడవ ఇంకో లయలో లేస్తుంది. ఓడ ఒరిగినప్పుడు నిచ్చెన బయటికి ఊగుతుంది, తిరిగి వచ్చి పక్కకేసి మనిషిని మోదుతుంది. నిచ్చెన కింద పడవ ఆగి ఉంటే నలిగిపోతుంది. అందుకని వెబ్బర్ ఆగలేదు. దూరం నుంచి రావడం, ముక్కు నిచ్చెన కిందకి తోసి ఒకణ్ణో ఇద్దర్నో అందుకోవడం, వెనక్కి లాగేసి మళ్లీ చుట్టి రావడం. కొందరు పడవలోకి దూకారు, కొందరు నీళ్లలో పడితే ముగ్గురూ కలిసి లాగారు. అసలు ఆ పడవ పన్నెండు మందికని కట్టింది. ఇరవై మంది ఎక్కాక చాలు అనొచ్చు. పైన ఇంకా ఉన్నారు. వెబ్బర్ ఆపలేదు. చివర్లో దిగిన జార్జ్ మైయర్స్ భారీ మనిషి. ఓడలో అందరికీ ఇష్టుడు. నీళ్లలో పడ్డాడు, అతని దగ్గరికి పోతున్న పడవని అల ఎత్తి ఓడకేసి కొట్టింది, మధ్యలో అతను ఉన్నాడు. ముప్పై ఇద్దరు బతికారు. ఒకడు దక్కలేదు.

ముప్పై ఆరు మంది, ముప్పై ఆరు అడుగుల పడవ. రేడియోలో పై అధికారులు వాదించుకుంటున్నారు, జనాన్ని సముద్రంలో ఉన్న పెద్ద ఓడకి ఎక్కించాలని. వెబ్బర్ రేడియో కట్టేశాడు. గాలినీ అలనీ వీపున పెట్టుకుంటే ఎక్కడో ఒకచోట నేల తగులుతుంది, తగిలితే ఇసుక మీదికే ఎక్కిస్తాను అనుకున్నాడు. వెనకనుంచి అల తరుముతుంటే రావడం వెళ్లడంకంటే కష్టం. అల పడవ తోకని ఎత్తి పక్కకి తిప్పేస్తే ముగిసినట్టే. ముందు అల వీపు మీదే నిలబడి, దాన్ని దాటకుండా, వెనకదానికి దొరక్కుండా థ్రాటిల్ ఆడించాలి. కాసేపటికి ఎర్ర దీపం కనిపించింది. చాథమ్ హార్బర్ దారిలో ఉండే బోయా అది. రేవులో ఊరంతా నిలబడి ఉంది. ఆ రోజు రెండు ట్యాంకర్లలో ఉన్న 84 మందిలో 70 మంది బతికారు. వెబ్బర్‌కి బంగారు పతకం, మిగతా ముగ్గురికీ వెండి ఇవ్వాలని మొదట అనుకుంటే, అందరికీ ఒకటే ఇస్తేనే తీసుకుంటానన్నాడట. నలుగురికీ బంగారమే వచ్చింది.

36 అడుగుల పడవకి ఈ రాత్రి గొప్ప పేరు తెచ్చింది కానీ, దాని కాలం చెల్లింది. 1961 జనవరి 12న పడమటి తీరంలో కొలంబియా నది మొగలో మెర్మెయిడ్ అనే చేపల బోటు కోసం మూడు పడవలు వెళ్లాయి. 40 అడుగులది తిరగబడింది, 52 అడుగుల ట్రయంఫ్ తిరగబడి ఐదుగురు కోస్ట్ గార్డులు పోయారు, మెర్మెయిడ్‌లో ఉన్న ఇద్దరు అన్నదమ్ములూ పోయారు. పాత 36 అడుగులదే తనవాళ్లనీ ఇంకొకరి సిబ్బందినీ లైట్‌షిప్ దాకా చేర్చింది. మరుసటి ఏడు ఉక్కుతో, రెండు డీజిల్ ఇంజన్లతో 44 అడుగుల పడవ వచ్చింది. బ్రిటన్‌వాళ్లు 1964లో ఒకటి తెప్పించుకుని అదే తరహాలో తామూ కట్టుకున్నారు. వుడ్‌హేవ్ చిప్ప అలా అట్లాంటిక్ దాటి వెళ్లి తిరిగి సొంత దేశం చేరింది. తొంభైల్లో అల్యూమినియంతో 47 అడుగులది వచ్చింది. తలకిందులైతే పది సెకన్లలోపే లేస్తుంది. 20 అడుగుల విరిగే అలల్లోకి వెళ్లొచ్చని దానికి హద్దు పెట్టారు. ఇప్పుడు మొగ విద్య నేర్పడానికి కొలంబియా మొగ దగ్గరే కేప్ డిసపాయింట్‌మెంట్ అనేచోట బడి ఉంది. హెల్మెట్లు పెట్టి, నడుముకి బెల్టులు కట్టి, కుర్రాళ్లని కావాలనే విరిగే అలల్లోకి తీసుకెళ్తారు.

బెల్టు సంగతి చిన్నది కాదు. 1997 ఫిబ్రవరి 12న వాషింగ్టన్ రాష్ట్రంలో క్విలాయూట్ నది మొగలోంచి 44 అడుగుల పడవ ఒకటి, గేల్ రన్నర్ అనే తెరచాప పడవ కోసం నలుగురితో బయల్దేరింది. చీకట్లో తిరగబడింది. లేచింది. మళ్లీ తిరగబడింది, మళ్లీ లేచింది. పడవకి నేర్పినదంతా అది చేసింది. లేచిన పడవలో నలుగురూ లేరు. నలుగురిలో ఒక్క కుర్రాడు బతికాడు. గేల్ రన్నర్‌లో ఉన్న ఇద్దర్నీ హెలికాప్టర్ పైకి లాగింది.

ఇంక పడవలెందుకు, హెలికాప్టర్లు చాలవా అని అప్పట్నుంచీ అడుగుతూనే ఉన్నారు, మా అల్లుడితో సహా. మంచు కమ్మితే హెలికాప్టర్ ఎగరదు. ఎగిరినా ఒక్కో మనిషినే తాడుకి కట్టి లాగాలి, నిండితే తిరిగి వెళ్లాలి. పెండిల్టన్ వెనక ముక్క మీద ఉన్నది ముప్పై ముగ్గురు.